చైనీస్ పంతులుగారూ, మీరు ఎక్కడ పుట్టారు?

దేశంలో ఏ మూల ఆనకట్ట కట్టినా అక్కడ పాలమూరు తట్ట ఒకటి కనిపించేదని పెద్దలు చెప్పుకుంటారు. తర్వాతి తరంలో నల్లగొండ పిల్లలు అమీర్‌పేటలో ఆర్నెల్లు కోచింగ్ తీసుకుని డాలస్ విమానం ఎక్కారు. మట్టి మోశాం, కోడ్ రాశాం. మన జిల్లాలు బయటి లోకానికి చేయాల్సిన సేవ ఇంకొక్కటే మిగిలింది. అది చైనా భాష నేర్పడం. ఆ భారాన్ని మిర్యాలగూడలో ఉండే మా మేనల్లుడు నెత్తికెత్తుకున్నాడు.

వాడు ఢిల్లీలో చైనీస్ ఎం.ఏ. చేశాడు. చైనీస్ ఎంత వచ్చో తేల్చే హెచ్‌ఎస్‌కే పరీక్షలో ఆరో లెవెల్ పాసయ్యాడు. పాత లెక్క ప్రకారం అంటే 5000 మాటలు వచ్చినట్టు. మా అక్క మాత్రం చుట్టాలకు "మావోడు చైనా చదువు చదివిండు" అని క్లుప్తంగా చెబుతుంది. వాళ్ళు ఎంబీబీఎస్ అనుకుంటారు. పెళ్ళిళ్ళలో వీడు విస్తరి ముందు కూర్చోగానే ఎవరో ఒకరు పంచె పైకి లాగి "జర ఈ మోకాలు సూడు బిడ్డా" అంటారు. మొదట్లో వివరించేవాడు. ఇప్పుడు నూనె రాయమంటున్నాడు.

అర్హతల్లో మాకు లోటు లేదు. బౌద్ధ తత్వవేత్త నాగార్జునాచార్యుడి గ్రంథం మూలమధ్యమకకారికను కుమారజీవుడనే బౌద్ధ భిక్షువు 409లోనే చైనీస్‌లోకి తెచ్చాడు. చైనావాళ్ళు ఆచార్యుణ్ణి 'లుంగ్ షు' అన్నారు. నాగానికి డ్రాగన్, అర్జునకు చెట్టు, అంటే మన మద్దిచెట్టు. నాగార్జునకొండలో దొరికిన ఇక్ష్వాకుల నాటి శాసనంలోనూ చీన దేశం పేరుంది. ఒక చైనీస్ పంతులు ఉద్యోగ ప్రకటనలో 2 ఏళ్ళ అనుభవం అడిగారు, మన ప్రాంతానికి 1600 ఏళ్ళది ఉందని అప్లికేషన్‌లో రాయమన్నాను. రాశాడు. జవాబు రాలేదు. సర్టిఫికెట్ జత చేయలేదనే నా అనుమానం.

ఇక ఉచ్చారణ. చైనీస్‌లో నాలుగు స్వరాలు, అంటే గొంతు ఎత్తి దించే తీరులు, ఉంటాయి. 'మా' అనే ఒక్క అక్షరమే స్వరం మారితే అమ్మ, జనపనార, గుర్రం, తిట్టు అవుతుంది. ఢిల్లీలో తోటి పిల్లలు దీనికి జుట్టు పీక్కుంటుంటే మావాడికి వాళ్ళ అమ్మమ్మ గుర్తొచ్చిందట. ఆవిడ ఒక్క 'ఊఁ'తో నాలుగూ పలుకుతుంది. కథ వింటూ సమంగా సాగదీసేది మొదటిది. ఎవరైనా అప్పు అడిగితే పైకి లేచేది రెండోది. సంబంధం తెచ్చిన పేరయ్య కట్నం సంగతి ఎత్తినప్పుడు కిందికి దిగి మళ్ళీ లేచేది మూడోది. దాని అర్థం ఇంతవరకూ ఎవరికీ తేలలేదు. నాలుగోది దబ్బున పడుతుంది. అది పడ్డాక ఇంట్లో ఎవరూ మాట్లాడరు.

ఇంత సరుకు పెట్టుకుని వాడు గల్ఫ్ వైపు చూశాడు. బడుల్లో చైనీస్ పెడతామని సౌదీ 2019లో ప్రకటించింది. మన మేస్త్రీలు వెళ్ళే దేశానికి మన పంతులు వెళ్తే తప్పేముంది? కానీ వాడు చూసిన ప్రతి ప్రకటనలో చివరి వాక్యం ఒకటే: మాతృభాష చైనీస్ అయినవారే దరఖాస్తు చేయాలి. న్యాయమే. ఈత నేర్పాలంటే చేపై పుట్టాలి కదా. విదేశీయులు చైనీస్ పంతుళ్ళు కావాలని చైనా ప్రభుత్వమే స్కాలర్‌షిప్పులిస్తుంది. చదువు పూర్తయ్యాకే పుట్టుక గుర్తొస్తుంది. ఇరవయ్యేళ్ళప్పుడు కష్టపడి నేర్చుకున్నవాడికే నాలుక ఎక్కడ తడబడుతుందో తెలుస్తుందని మావాడి వాదన. నాకూ సబబే అనిపించింది. అయితే నేను సెలక్షన్ కమిటీలో లేను.

పోనీ ఇక్కడే చెబుదామా? జాతీయ విద్యావిధానం 2019 ముసాయిదాలో విదేశీ భాషల వరుసలో చైనీస్ ఉంది. 2020లో అసలు విధానం వచ్చేసరికి లేదు. కొరియన్, థాయ్ ఉన్నాయి.

చైనీస్ మాతృభాషగా ఉన్నవాళ్ళే కావాలన్నవాళ్ళను తిట్టే ముందు మన వీధి చూసుకోవాలి. ఇంగ్లిష్ మీడియం బడి పెడితే గేటు మీద 'కేరళ టీచర్లచే బోధన' అని రాసుకున్నవాళ్ళం మనం. పక్కింటి ఎం.ఏ. ఇంగ్లిష్ అమ్మాయిని తెలుగు చెప్పుకోమన్నాం.

చివరికి మావాడికి పని దొరికింది, ఇంటికి రెండు కిలోమీటర్ల దూరంలో. ఒక రైస్‌మిల్లు యజమాని నల్లగింజలు ఏరే మిషన్ చైనా నుంచి తెప్పించాడు. వివరాల పుస్తకం మొత్తం చైనీస్‌లో ఉంది. ఫీజు ఒక బస్తా సన్నబియ్యం. వీడియో కాల్‌లో అక్కడి ఇంజినీరు గంటసేపు మాట్లాడి, మీ చైనీస్ ఎంతో బాగుందని మెచ్చుకున్నాడట. ఫోన్ పెట్టేసే ముందు మొహమాటంగా ఒక సాయం కూడా అడిగాడు. వాళ్ళ బాబుకి ఇంగ్లిష్ ట్యూషన్ కావాలి, మీకు తెలిసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా? అమెరికాలోనో ఇంగ్లండ్‌లోనో పుట్టినవాళ్ళైతేనే.

మావాడు "ఊఁ" అన్నాడు. మూడోది.