సవరణ: యన్నే, యంబ్రే పేర్లు ఎక్కడివి?

మోషేను ఎదిరించిన ఈజిప్టు మాంత్రికుల పేర్లను రెండవ తిమోతి పత్రిక (బైబిలు కొత్త నిబంధనలోని ఒక లేఖ, 3:8) సూడో-జోనాథన్ తార్గూము (హీబ్రూ బైబిలుకు అరమాయిక్ భాషలో ఒక అనువాదం) నుంచి తీసుకుందని పోయిన పోస్టులో రాశాను. అది తప్పు.

మోషే కథ చెప్పే బైబిలు గ్రంథం నిర్గమకాండంలో లేని ఆ పేర్లు ఈ అరమాయిక్ అనువాదంలో ఉన్న మాట నిజమే. కానీ ఇందులోనే ఇష్మాయేలు భార్యకు ఫాతిమా అన్న పేరుంది! అందుకే మనకు చేరిన పాఠం ఇస్లాం వచ్చాక, 7వ శతాబ్దంలోనో ఆ తర్వాతో స్థిరపడిందని తార్గూముల పరిశోధకులు చాలామంది అంటారు. పత్రిక అంతకంటే ఎంతో ముందుది.

పేర్లు ఇంకా పాతవి. మృత సముద్రం దగ్గరి కుమ్రాన్ గుహల్లో ప్రతులు దొరికిన దమస్కు పత్రం, క్రీస్తుకు పూర్వపు యూదుల రచన, "యన్నే, అతని సోదరుడు" అంటుంది. యూదుల్లో ముందునుంచీ నడుస్తున్న కథే పత్రికకూ తార్గూముకూ విడివిడిగా అందిందనడం సబబు.