మూడో ఓడ సంగతేంటి?

సముద్రంలో ఓడలు ఢీకొనకుండా చూడటం గురించిన మీ వ్యాసంలో, రెండేసి ఓడల చొప్పున అవి ఒకదానికొకటి ఎంత దగ్గరికి వస్తాయి, అందుకు ఎంత సమయం ఉంది అన్నది లెక్కగట్టి, అన్నిట్లోకి ప్రమాదకరమైన జంటను ముందు తప్పిస్తే చాలని రాశారు. నాకు ఒప్పుదల కాలేదు. ఓడలు ఢీకొనకుండా 1972లో చేసిన అంతర్జాతీయ నిబంధనల్లో ఎదురుపడటం, అడ్డుగా దాటడం రెండు ఓడల మధ్య వ్యవహారాలే. కుడివైపు నుంచి అడ్డొచ్చే ఓడకి నేను దారివ్వాలి, ఎడమవైపు నుంచి వచ్చేదాని ముందు నా దిశ, వేగం మార్చకూడదు. రెండూ ఒకేసారి వస్తే? 2వ నిబంధన ప్రత్యేక పరిస్థితుల్లో మినహాయింపు ఇస్తుందిగానీ, ఎటు తిరగాలో చెప్పదు.

మా హుసేన్‌సాగర్‌లో సెయిలింగ్ పోటీలు చూసినవాళ్లకి ఇది తెలుసు. మలుపు దగ్గర ఒక పడవ పక్కకు తప్పుకుంటే ఇంకోదాని దారి మూసుకుపోతుంది. అందుకే ఎన్ని జంటలు ప్రమాదంలో ఉన్నాయన్నదానికన్నా, ఏ దిశకి తిరిగితే ఎవరికీ అడ్డురాకుండా పోగలం, అలాంటి దిశలు ఎన్ని మిగిలాయి అన్నది లెక్కించాలి.

ఇంకోటి, లెక్కంతా ఏఐఎస్ (ఓడ తన స్థానం, దిశ, వేగం రేడియోలో తనంతట తానే తెలిపే పరికరం) సమాచారం మీదే నడిపారు. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం అది తప్పనిసరి అయ్యేది అంతర్జాతీయ ప్రయాణాల్లో 300 గ్రాస్ టన్నులు, ఆపై ఓడలకు, మిగతా ప్రయాణాల్లో 500 గ్రాస్ టన్నులు, ఆపై సరుకు ఓడలకు, ఇంకా ప్రయాణికుల ఓడలన్నిటికీ. విశాఖ తీరంలో రాత్రిపూట వేటకెళ్లే చిన్న పడవలు చాలావరకు ఆ తెరమీద కనిపించవు కదా, వాటినెలా లెక్కలోకి తీసుకున్నారు?