తలుపు మీద రాయని నిబంధన: అమెరికా సొరారిటీల్లో జాతి లెక్క

2024 జులై 31న షికాగోలో నల్లజాతి పాత్రికేయుల సదస్సు జరిగింది. వేదికెక్కిన డొనాల్డ్ ట్రంప్ కమలా హారిస్ సంగతి ఎత్తి, మొన్నమొన్నటిదాకా భారతీయురాలినని చెప్పుకున్న మనిషి ఉన్నట్టుండి నల్లజాతి మనిషి అయిపోయిందన్నారు. అదే రోజు హారిస్ హ్యూస్టన్‌లో ఉన్నారు. ఆమె ఎదుట కూర్చున్నవాళ్లు సిగ్మా గామా రో అనే నల్లజాతి మహిళల సొరారిటీ సభ్యులు. ‘ఉన్నట్టుండి’ అన్నదానికి జవాబు పాత రికార్డుల్లోనే ఉంది. నల్లజాతివాళ్ల చదువుకు పేరుపడ్డ హోవర్డ్ యూనివర్సిటీలో చదువుతూ 1986లోనే ఆమె ఆల్ఫా కప్పా ఆల్ఫా అనే నల్లజాతి సొరారిటీలో చేరారు. తల్లి శ్యామలా గోపాలన్ తమిళనాడు నుంచి, తండ్రి జమైకా నుంచి వచ్చినవాళ్లు. భారతీయ, నల్లజాతి అన్న రెండు గడుల్లోనూ టిక్కు పెట్టగలిగిన అమ్మాయి ఇరవై రెండేళ్లు నిండకముందే ఏ గడప తొక్కిందో దాచిందేమీ లేదు.

సొరారిటీ అంటే కాలేజీ అమ్మాయిల సంఘం. పేరుకు రెండు మూడు గ్రీకు అక్షరాలు తగిలించుకుంటారు కాబట్టి ఈ వ్యవహారమంతటికీ గ్రీక్ లైఫ్ అని పేరు. గ్రీసుతో చుట్టరికం అంతవరకే. చేరితే స్నేహాలు, చాలాచోట్ల ఉండటానికి ఇల్లు, చదువయ్యాక ఉద్యోగాల్లో, రాజకీయాల్లో పనికొచ్చే పరిచయాలు దొరుకుతాయి. హైదరాబాద్ నుంచి ఎమ్మెస్‌కు వెళ్లే అమ్మాయికి ఇది దాదాపుగా ఎదురుపడదు, ఎందుకంటే ఇది చాలావరకు డిగ్రీ విద్యార్థినుల లోకం. అక్కడే పుట్టి పెరిగిన తెలుగు పిల్లలకు మాత్రం పద్దెనిమిదో ఏట, కొన్ని క్యాంపస్‌లలో క్లాసులు మొదలుకాకముందే ఎదురవుతుంది. అమ్మానాన్నలకు అదొక ‘క్లబ్బు’. అందులోకి ఎలా తీసుకుంటారో, ఎక్కడ వడపోస్తారో అడగాలని కూడా తోచదు.

ఈ సంఘాలకు గొడుగు సంస్థలు ఉన్నాయి. 1902లో పుట్టిన నేషనల్ పాన్‌హెలెనిక్ కాన్ఫరెన్స్ కింద 26 సొరారిటీలు ఉన్నాయి. యూదు అమ్మాయిలు పెట్టుకున్న రెండు మూడింటిని మినహాయిస్తే చరిత్ర ప్రకారం ఇవి తెల్లవాళ్లవి. 1930లో హోవర్డ్‌లో పుట్టిన నేషనల్ పాన్-హెలెనిక్ కౌన్సిల్ కింద తొమ్మిది నల్లజాతి సంఘాలు ఉన్నాయి, వాటిలో నాలుగు సొరారిటీలు, మిగతావి అబ్బాయిల సంఘాలు. వీటినే ‘డివైన్ నైన్’ అంటారు. పేర్లు కవల పిల్లల్లా ఉన్నా, ఈ రెండు గొడుగుల కింద నిలబడ్డవాళ్ల చరిత్రలకు పొంతన లేదు.

‘నల్లవాళ్లకు వేరే సంఘాలు ఉండొచ్చుగానీ తెల్లవాళ్లకు ఉండకూడదా?’ అనే ప్రశ్న తరచూ వినిపిస్తుంది. ఏది ముందు, ఏది వెనక అన్నది పక్కనపెడితేనే ఈ ప్రశ్న నిలబడుతుంది. ఈ తొమ్మిదిలో మొదటిదైన ఆల్ఫా ఫై ఆల్ఫాను 1906లో కార్నెల్‌లో ఏడుగురు కుర్రాళ్లు పెట్టుకున్నారు, ఆ క్యాంపస్‌లో వాళ్లను దగ్గరికి తీసే దిక్కు లేక. సిగ్మా గామా రోను 1922లో ఇండియానాపొలిస్‌లో ఏడుగురు టీచరమ్మలు పెట్టారు. అప్పట్లో ఇండియానా అంటే కూ క్లక్స్ క్లాన్ అనే తెల్లజాతి దురహంకార ముఠా రాజ్యమేలుతున్న గడ్డ. ఈ తొమ్మిది సంఘాల్లో నేడు ఏ జాతివాళ్లయినా చేరొచ్చు, చేరుతున్నారు కూడా. రెండో వైపు చూడండి. 1956లో తెల్లవాళ్ల సొరారిటీ అయిన సిగ్మా కప్పాకు చెందిన రెండు చాప్టర్లు (క్యాంపస్ శాఖలు) కార్నెల్‌లో, టఫ్ట్స్‌లో నల్లజాతి అమ్మాయిలను చేర్చుకున్నాయి. జాతీయ కార్యాలయం ఆ రెండు చాప్టర్లనూ సస్పెండ్ చేసింది. ఒకచోట తలుపు మూశారు కాబట్టి ఇంకోచోట కప్పు వేసుకున్నారు. రెంటినీ ఒకే గాట కట్టడం కుదరదు.

రాతలో ఉన్న నిషేధాలు 1950లు, 60ల్లో ఒక్కొక్కటే పోయాయి. మరి ఇన్నేళ్లయినా చాలా క్యాంపస్‌లలో సభ్యత్వం ఎందుకు మారలేదు? నా ఉద్దేశంలో జవాబు మనుషుల మనసుల్లో కన్నా ఎంపిక పద్ధతిలోనే ఎక్కువ దొరుకుతుంది.

ఆ పద్ధతి పేరు ఫార్మల్ రిక్రూట్‌మెంట్, వాడుకలో ‘రష్’. ఫీజు కట్టి పేరు నమోదు చేసుకున్న ప్రతి అమ్మాయీ మొదటి విడతలో అన్ని చాప్టర్లనూ చుట్టిరావాలి. ఒక్కోచోట ఉండేది అరగంటలోపే. పాటలు, పరిచయాలు పోగా సభ్యులతో మాట్లాడటానికి మిగిలేవి కొద్ది నిమిషాలు. ఈ మధ్య కొన్నిచోట్ల ఆ కాస్తా వీడియోలకు మారింది. తర్వాతి విడతల్లో సేవా కార్యక్రమాల గురించి చెబుతారు, ఇల్లు చూపిస్తారు, చివరి రోజు గంభీరంగా ‘ప్రిఫరెన్స్’ జరుపుతారు. ప్రతి విడత తర్వాతా చాప్టర్ కొందరిని వదిలేస్తుంది, అమ్మాయిలూ కొన్నిటిని వదిలేస్తారు. ఆఖర్న కంప్యూటర్ రెండు జాబితాలనూ జత కలుపుతుంది.

ఇందులో అసలు మెలిక ‘రిలీజ్ ఫిగర్స్’ అనే లెక్కలో ఉంది. పిలిచినవాళ్లలో ఎంతమంది తిరిగొస్తారో పాత ఏళ్ల అంకెలతో అంచనా కట్టి, ఏ విడతకు ఏ చాప్టర్ ఎంతమందిని పిలవాలో ముందే తేలుస్తారు. ఉదాహరణకు 2,000 మంది నమోదయ్యారనీ, ఒక్కో చాప్టర్‌కు కోటా, అంటే చేర్చుకోగల కొత్త సభ్యుల సంఖ్య, 100 అనీ అనుకుందాం. పేరున్న చాప్టర్ పిలిస్తే పదిమందిలో తొమ్మిదిమంది వచ్చేస్తారు. చివరి రోజుకు దానికి 200 మంది చాలు. కాబట్టి మొదటి వడపోతలోనే వెయ్యి దాకా పేర్లు కొట్టేయాలి. ఆదరణ తక్కువున్న చాప్టర్ మాత్రం దాదాపు అందర్నీ మళ్లీ పిలుస్తుంది. ఈ లెక్క పెట్టింది మంచి ఉద్దేశంతోనే. పెద్ద చాప్టర్ ఆశపెట్టి ఆఖర్లో వదిలేస్తే అమ్మాయి ఎటూ కాకుండా పోతుంది, అలా కాకూడదని. కానీ దాని పర్యవసానం చూడండి. పేరున్న చాప్టర్ తన అతిపెద్ద కోతను ఆ అమ్మాయి గురించి అతి తక్కువ తెలిసిన రోజున కొయ్యాలి.

ఐదు నిమిషాల మాటలతో వెయ్యి పేర్లు ఎవరూ కొట్టలేరు. అందుకే ముందే తెలిసిన సమాచారం మీద ఆధారపడతారు. హైస్కూల్ మార్కులు, ఇన్‌స్టాగ్రామ్ ఖాతా, ఆ ఊరి నుంచి వచ్చిన సీనియర్ల మాట, అమ్మో అమ్మమ్మో అదే సొరారిటీలో ఉంటే వచ్చే ‘లెగసీ’ హోదా, పూర్వ సభ్యురాలు రాసిచ్చే సిఫారసు ఉత్తరం. ఈ పట్టికలో జాతి అన్న మాటే కనిపించదు. కనిపించాల్సిన అవసరమూ లేదు. అమ్మ వరంగల్‌లోనో గుంటూరులోనో బీటెక్ చదివి వచ్చింది, అమ్మమ్మకు ఇంగ్లిష్ అక్షరాలే సరిగా రావు, గ్రీకు అక్షరాల మాట దేవుడెరుగు. ఆ పిల్లకు లెగసీ ఎక్కణ్నుంచి వస్తుంది? సిఫారసు ఎంత పని చేస్తుందో మనకు వేరే చెప్పక్కర్లేదు. 2020 తర్వాత కొన్ని జాతీయ సొరారిటీలు లెగసీ ప్రాధాన్యాన్నీ సిఫారసు ఉత్తరాలనూ తీసేశాయి. అయినా సీనియర్ల మాట, ఇన్‌స్టాగ్రామ్ పోలేదు, మొదటి రోజు కోత అంతకన్నా పోలేదు.

ఈ యంత్రం బోల్టులు విప్పి చూపించిన ఘటన అలబామా యూనివర్సిటీలో 2013 సెప్టెంబర్‌లో జరిగింది. విద్యార్థుల పత్రిక ‘క్రిమ్సన్ వైట్’ ఒక కథనం వేసింది. హైస్కూల్లో 4.3 జీపీఏ (అక్కడి లెక్కలో చాలా పై మార్కులు) తెచ్చుకున్న, మంచి కుటుంబ పరిచయాలున్న నల్లజాతి అమ్మాయిని పేరున్న సొరారిటీలన్నీ వదిలేశాయి. ఆమె కావాలని సభ్యులే పట్టుబట్టిన చోట కూడా పూర్వ సభ్యురాళ్లు అడ్డుపడ్డారని కథనం సారాంశం. గవర్నర్ జార్జ్ వాలెస్ నల్లజాతి విద్యార్థులను అడ్డుకోవడానికి అదే యూనివర్సిటీ గుమ్మంలో నిలబడి అప్పటికి యాభై ఏళ్లు దాటింది. విద్యార్థులు ఊరేగింపు తీశారు. యూనివర్సిటీ ప్రెసిడెంట్ జూడీ బానర్ కోటాల లెక్క పక్కనపెట్టి, ఎప్పుడైనా చేర్చుకునే ‘ఓపెన్ బిడ్డింగ్’కు ఆదేశించారు. వారాల్లోనే తలుపులు తెరుచుకున్నాయి. మనసులు వారాల్లో మారవుగా, మారింది పద్ధతి.

ఆ కథనం వచ్చిన వారంలోనే విజయవాడ మూలాలున్న నీనా దావులూరి అట్లాంటిక్ సిటీలో మిస్ అమెరికా కిరీటం గెలుచుకున్నారు. ట్విటర్‌లో ఆమెను అరబ్ అన్నారు, టెర్రరిస్టు అన్నారు. తెలుగమ్మాయికి ఏ ముద్ర వెయ్యాలో తెలియకపోతే అమెరికాలో చేతికందిన ముద్ర వేస్తారు.

ఈ అయోమయం నిన్నటిది కాదు. 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో సుప్రీంకోర్టు భారతీయులు పౌరసత్వ చట్టం దృష్టిలో తెల్లవాళ్లు కాదంది. 1930, 40 జనగణనల్లో ‘హిందూ’ అనేది ఒక జాతి పేరు. సిక్కు అయినా ముస్లిం అయినా అదే గడి. 1970కల్లా మనల్ని తెల్లవాళ్లలో లెక్కేశారు. 1977లో ఫెడరల్ ప్రభుత్వం జాతుల వర్గీకరణ ఖరారు చేస్తూ ఆసియన్లలోకి మార్చింది. 1980 జనగణనలో ‘ఏషియన్ ఇండియన్’ గడి వచ్చింది. అది ఊరికే రాలేదు, అక్కడి భారతీయ సంఘాలు పట్టుబట్టి తెచ్చుకున్నాయి. అంటే 1969లో డాక్టరుగా వెళ్లిన తెలుగాయన ఇల్లు మారకుండానే, రంగు మారకుండానే పదేళ్లలో తెల్లజాతి నుంచి ఆసియా జాతికి బదిలీ అయ్యాడు.

గడి దొరికింది గానీ క్యాంపస్‌లో చోటు దొరకలేదు. అమెరికాలో ‘ఏషియన్’ అంటే చైనా, జపాన్, కొరియా ముఖాలే గుర్తొస్తాయి. ఆసియా సొరారిటీలు కూడా అలాగే మొదలయ్యాయి. యూసీఎల్ఏలో జపాన్ మూలాల అమ్మాయిలు 1920ల చివర్లో చై ఆల్ఫా డెల్టా పెట్టుకున్నారు, 1930లో శాన్‌ఫ్రాన్సిస్కోలో చైనా మూలాల అమ్మాయిలు సిగ్మా ఓమిక్రాన్ పై పెట్టుకున్నారు. దక్షిణాసియా అమ్మాయిల వంతు 1998లో వచ్చింది. ఆ ఒక్క ఏడాదే ఆస్టిన్‌లో కప్పా ఫై గామా, హ్యూస్టన్‌లో డెల్టా ఫై ఒమేగా, న్యూయార్క్‌లోని సెయింట్ జాన్స్‌లో సిగ్మా సిగ్మా రో పుట్టాయి. మూడూ ఒకే ఏడు రావడం కాకతాళీయం అనుకోను. 1965 వలస చట్టం తర్వాత వెళ్లినవాళ్ల పిల్లలు గుంపుగా కాలేజీకొచ్చిన కాలమది. తర్వాత ఆసియా సంఘాల గొడుగు పేరులో ‘దేశీ’కి కూడా ఒక అక్షరం కేటాయించి, దాన్ని ‘ఆపిడా’ (ఏషియన్, పసిఫిక్ ఐలాండర్, దేశీ అమెరికన్)గా మార్చారు.

ఈ దేశీ అన్న మాటతోనే మనకు పేచీ. తెలుగులో దేశవాళీ అంటే కోడికో ఆవుకో వాడతాం. మనుషులకు ఆ పేరు హిందీ, ఉర్దూ మాట్లాడేవాళ్ల నుంచి వచ్చింది. పేరుతో పాటు అభిరుచీ వస్తుంది. క్యాంపస్‌లలో దక్షిణాసియా సంస్కృతి పేరుతో జరిగే కార్యక్రమాల్లో భాంగ్రా, గర్బా, బాలీవుడ్ పాట ఖాయం. బతుకమ్మ ఎప్పుడో గానీ కనిపించదు. తెలుగు పిల్ల అక్కడ తెల్లవాళ్ల మధ్య ‘ఇండియన్’, ఇండియన్ల మధ్య ‘సౌతిండియన్’. ఇంకో పొర కూడా ఉంది, దాని గురించి మనవాళ్లు మాట్లాడరు. 2023లో కులవివక్షను నిషేధించిన మొదటి అమెరికా నగరంగా సియాటిల్ నిలిచింది. అదే ఏడాది కాలిఫోర్నియాలో అలాంటి బిల్లును గవర్నర్ తిప్పిపంపారు. దక్షిణాసియా సంఘాల్లో ఏ జాతివాళ్లయినా చేరొచ్చని నిబంధనల్లో ఉంది. అంతమాత్రాన లోపల అందరికీ ఒకే పీట వేస్తారని కాదు. ఇంటిపేరు చూసి ఆరా తీయడం తెలిసిన సమాజం నుంచి వచ్చినవాళ్లకు ఇది విడమరచి చెప్పనక్కర్లేదు.

వైవిధ్యాన్ని ఎలా కొలవాలన్నది అసలు చిక్కు. చాప్టర్ ఇన్‌స్టాగ్రామ్‌లో ముందు వరుసలో ఒక నల్లజాతి అమ్మాయి, ఒక భారతీయ అమ్మాయి నిలబడితే కొలిచినట్టు కాదు. ఆ ఇద్దర్నే ప్రతి ఫొటోకూ పిలవడం, డైవర్సిటీ కమిటీ బాధ్యత వాళ్ల నెత్తినే పెట్టడం ఇప్పుడు కొత్త జబ్బు. కావాల్సినవి నాలుగు అంకెలు, జాతివారీగా: నమోదైనవాళ్లు, మొదటి కోత దాటినవాళ్లు, బిడ్ (చేరమనే పిలుపు) అందుకున్నవాళ్లు, నాలుగో ఏడాదికి మిగిలినవాళ్లు. మొదటి రెండింటి మధ్య పెద్ద గండి ఉంటే తప్పు వడపోతలో ఉంది. చివరి రెండింటి మధ్య ఉంటే ఇంటి లోపల ఉంది. ఒకదానికి మందు ఇంకోదానికి పనిచేయదు. ఈ అంకెలను విడతలవారీగా బయటపెట్టే యూనివర్సిటీలు అరుదు.

కూతురు రష్‌కు వెళ్తానంటే తల్లిదండ్రులు అడగాల్సినవి ఉన్నాయి. చందా సెమిస్టర్‌కు ఎంత, ఇంట్లో ఉండకపోయినా భోజనం డబ్బు కట్టాలా, మొదటి ఏడాది అదనపు ఫీజులేమిటి? పెద్ద క్యాంపస్‌లలో ఇది వేల డాలర్ల మాట. చివరి రోజు సంతకం పెట్టే ఒప్పందాన్ని కూడా చదవాలి. జాబితాలో రాసిన చాప్టర్ బిడ్ ఇచ్చాక వద్దనుకుంటే, ఆ క్యాంపస్‌లో పాన్‌హెలెనిక్ చాప్టర్లు వేటిలోనూ ఏడాది దాకా చేరడానికి ఉండదు. ఒకే పేరు రాసి మిగతావి ఖాళీగా వదిలేస్తే, అది దక్కకపోతే చేతికి ఏమీ రాదు. డివైన్ నైన్‌కు, దక్షిణాసియా సంఘాలకు ఈ రష్ వర్తించదు. వాటి దారి వేరు: పరిచయ సమావేశం, దరఖాస్తు, ఇంటర్వ్యూ, కొన్ని వారాల శిక్షణ. అక్కడ అడగాల్సింది శిక్షణ పేరుతో ఏం చేయిస్తారన్నది.

చట్టం ఎటు ఉంది? ఆడవాళ్లను మాత్రమే చేర్చుకోవచ్చన్న వెసులుబాటు, చదువుల్లో లింగవివక్షను నిషేధించే ‘టైటిల్ నైన్’ చట్టానికి 1974లో చేసిన సవరణతో వచ్చింది. అది లింగానికే, జాతికి కాదు. జాతిని చూసి సీట్లివ్వకూడదన్న 2023 నాటి హార్వర్డ్ కేసు సుప్రీంకోర్టు తీర్పు కాలేజీ అడ్మిషన్ల గురించి, సొరారిటీల గురించి కాదు. దెబ్బ వేరే వైపు నుంచి వచ్చింది. వైవిధ్య కార్యాలయాలను నిషేధిస్తూ టెక్సాస్ చేసిన చట్టం 2024 జనవరి 1న, అలబామా చట్టం అదే ఏడాది అక్టోబర్ 1న అమల్లోకి వచ్చాయి. విద్యార్థి సంఘాలకు టెక్సాస్ చట్టంలో మినహాయింపు ఉంది. కానీ కప్పా ఫై గామా పుట్టిన ఆస్టిన్ క్యాంపస్‌లో మల్టీకల్చరల్ సెంటర్ ఆ జనవరిలోనే మూతపడింది. పెద్ద సొరారిటీకి పూర్వ సభ్యురాళ్లు కట్టించిన భవనం ఉంటుంది, మీటింగుకు యూనివర్సిటీ గది అక్కర్లేదు. పదుల్లో సభ్యులుండి సొంత ఇల్లు లేని సంఘాలకు మాత్రం గది కావాలి, ఆ గది తాళం ఎప్పుడూ వేరేవాళ్ల దగ్గరే ఉంటుంది.