నలుగురి పొట్ట కొట్టిన నటుడు

1939లో హాలీవుడ్‌కి మనుషుల కరువు వచ్చిందని చరిత్రకారులెవరూ రాయలేదు. నేను రాస్తున్నాను. సాక్ష్యం పేరు థామస్ మిచెల్.

ఆ ఒక్క ఏడాదిలోనే ఈయన ‘స్టేజ్‌కోచ్’లో తాగుబోతు డాక్టరు, ‘మిస్టర్ స్మిత్ గోస్ టు వాషింగ్టన్’లో తాగుబోతు విలేకరి, ‘గాన్ విత్ ద విండ్’లో నాయిక స్కార్లెట్ తండ్రి, ‘ఓన్లీ ఏంజెల్స్ హావ్ వింగ్స్’లో చూపు మందగించిన పైలట్, ‘ద హంచ్‌బ్యాక్ ఆఫ్ నోటర్ డామ్’లో బిచ్చగాళ్ల రాజు. ఒక మనిషికి ఐదు ఉద్యోగాలు, అందులో రెండు మందు మీదే. నలుగురి పొట్ట కొట్టినందుకు ఇప్పటికైనా విచారణ జరగాలి.

చావుల సంగతి మరీ ఘోరం. తెర మీద స్కార్లెట్ తండ్రిగా గుర్రం మీంచి పడి ఒకసారి, పైలట్‌గా విమాన ప్రమాదంలో ఇంకోసారి పోయాడు. ఆ ఏడాది లెక్కలు రాసిన గుమస్తా ఎంత తికమకపడి ఉంటాడో!

‘స్టేజ్‌కోచ్’లో దారి మధ్యలో ఒకావిడకి నొప్పులొస్తాయి. తూలుతున్న డాక్టరు కాఫీ మీద కాఫీ తాగి, మత్తు దించుకుని పురుడు పోస్తాడు. జాన్ వేన్‌ని స్టార్‌ని చేసిన సినిమా ఇదేనంటారు. నిజమే. కానీ ఆస్కార్ మాత్రం డాక్టరుగారు పట్టుకెళ్లారు. పోటీలో ఓడినవాళ్లలో క్లాడ్ రెయిన్స్, హ్యారీ కేరీ ఇద్దరూ ‘మిస్టర్ స్మిత్’లో ఆయనతో కలిసి పనిచేసినవాళ్లే. కనీసం తోటి ఉద్యోగులన్న జాలి కూడా లేదు!

ఆస్కార్ ఇచ్చింది ‘సహాయ నటుడి’గా. ఈ మాట ఎవరు కనిపెట్టారో గానీ, సాయం చేసేదెవరో, పుచ్చుకునేదెవరో పోస్టరు చూసి మాత్రం చెప్పలేం. 1953లో టీవీకి ఎమ్మీ, నాటకరంగానికి టోనీ అవార్డులు కూడా వచ్చాయి. మూడూ అందుకున్న మొదటి మగవాడు ఈయనే.

ఇక అసలు నేరం 1946లో జరిగింది. ‘ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్’లో ఈయన బిల్లీ బాబాయి. మర్చిపోకుండా వేళ్లకి దారాలు కట్టుకుని మరీ మర్చిపోయే రకం. బ్యాంకులో కట్టాల్సిన 8000 డాలర్లని పేపర్లో చుట్టి, తెలియకుండానే ఊరి వడ్డీ రాక్షసుడు పాటర్ చేతిలో పెడతాడు. ఆ మతిమరుపు లేకపోతే హీరో జేమ్స్ స్టివర్ట్‌కి ఏడవడానికి కారణమే లేదు, చావడానికి వంతెన ఎక్కే పనీ లేదు. చివరికి ఊరంతా చందాలు వేసుకుని లోటు పూడ్చింది. పాటర్ మాత్రం పైసా వెనక్కివ్వలేదు, అడిగినవాడూ లేడు.

నా ఫిర్యాదులో ఆ 8000 పద్దు కూడా చేర్చాను.