చిల్లు లేని పింగాణీ కుండీ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ తెల్ల పింగాణీ కుండీ గారికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం ఆచారం. అయితే ఉభయుల్లో ఒకరైన ఆర్కిడ్ మొక్క కుశలం ప్రస్తుతం మీ కడుపులో నిలిచిన నీటి మట్టం మీద ఆధారపడి ఉన్నందువల్ల, ఆ మాట రాయడానికి కలం సాగడం లేదు.

గృహప్రవేశాలకూ పెళ్లిరోజులకూ పూలగుత్తికి బదులు పూసిన ఆర్కిడ్‌ను ఇవ్వడం హైదరాబాదులో మర్యాదగా స్థిరపడినప్పటి నుంచి, మీ కుటుంబీకులు మా అపార్టుమెంట్లలో కొలువుతీరుతూనే ఉన్నారు. టీవీ బల్ల మీద పూలు నిలిచిన రెండు మూడు నెలలూ మీ వైభవానికి లోటుండదు. ఆ తరువాత పూలు రాలుతాయి, ఆకులు పసుపుబారి మెత్తబడతాయి, ఆ ఇంటి ఇల్లాలికి ‘నీ చేతిలో మొక్క బతకదమ్మా’ అనే బిరుదు దక్కుతుంది. మిమ్మల్ని మాత్రం తడిగుడ్డతో తుడిచి అలమరలో భద్రపరుస్తారు. ఇన్ని చావులు ఒకే చిరునామాలో జరుగుతున్నా ఒక్క విచారణలోనూ మీ పేరు రాకపోవడం చూసి ఈ లేఖ రాయవలసి వచ్చింది.

మీ ఆధీనంలో ఉంచిన జీవి ఎవరో మీకు తెలుసా అనేది నా మొదటి సందేహం. దుకాణంలో అందరూ ఆర్కిడ్ అని పిలిచే ఈ ఫాలెనాప్సిస్ పూర్వీకులు ఫిలిప్పీన్స్, ఇండొనేషియా, తైవాన్ అడవుల్లో చెట్ల కొమ్మలను పట్టుకుని బతికినవారు. మామిడి చెట్టు మీది బదనికకు మల్లే చెట్టు రసం పీల్చే అలవాటు కూడా వీరికి లేదు. నిలబడడానికి చోటిస్తే చాలు. వేరు మీద స్పంజీ వంటి వెలమెన్ అనే పొర ఉంటుంది. ఎండినప్పుడు వెండి రంగులో కనిపించే ఆ పొర, వాన పడగానే నీటిని పీల్చుకుని ఆకుపచ్చగా మారుతుంది, గాలి తగలగానే మళ్లీ ఆరిపోతుంది. తడవడం, ఆరడం అనే రెండు పనుల మీదే ఈ వంశం లక్షల ఏళ్లు నెగ్గుకొచ్చింది. మన అరకు, పాడేరు ప్రాంతాల కొండ చెట్ల మీద పూసే రింకోస్టైలిస్ రెటూసా అనే ఆర్కిడ్ కూడా ఈ పద్ధతిలోనే బతుకుతుంది. అస్సాంలో బిహూ నర్తకులు సిగలో తురుముకునేదీ, ఆ రాష్ట్రం తన పుష్పంగా ప్రకటించుకున్నదీ ఆ పువ్వే. అంత ఘనత సంపాదించిన ఆ మొక్క అడవిలో ఏ నాడూ ఒక కుండీని అడిగిన పాపాన పోలేదు.

ఇటువంటి జీవికి మీరు కల్పించిన వసతిని పరిశీలిద్దాం. మీకు మూత లేదు గనుక లోపలికి ఎంత నీరైనా వస్తుంది. అడుగున చిల్లు లేదు గనుక వచ్చిన నీరు వచ్చినట్టే ఉంటుంది. ఏ సర్కారు కార్యాలయంలోనైనా ఇన్‌వార్డు రిజిస్టరు పక్కనే, పేరుకైనా, ఒక ఔట్‌వార్డు రిజిస్టరు ఉంటుంది. మీ కార్యాలయంలో రెండోది పెట్టనేలేదు. పైనుంచి చూసేవారికి అంతా శుభ్రంగా, నిగనిగలాడుతూ కనిపించడమే మీ పరిపాలనలోని విశేషం.

మొన్న మిమ్మల్ని కాస్త పక్కకు వంచి, లోపల ఏం జరుగుతోందో పొరలు పొరలుగా చూసే అవకాశం కలిగింది. మొదట పారదర్శకమైన ప్లాస్టిక్ కుండీ ఒకటి బయటికి వచ్చింది. పాపం, దానికి అడుగున చిల్లులున్నాయి. కాని ఆ చిల్లులు మీ అడుగున రెండు వేళ్ల లోతున నిలిచిన పాత నీటిలో మునిగి ఉన్నాయి. ఆ నీటికి పూలజాడీలో మరచిపోయిన చామంతుల వాసన ఉంది. ప్లాస్టిక్ లోపల స్ఫాగ్నమ్ నాచును పిడికిటితో దట్టించినట్టు కూరారు. పైపొరను వేలితో తాకితే పొడిపొడిగా తగిలింది గాని, గుప్పెట పట్టి పిండితే నీరు కారింది. నాచును విప్పుకుంటూ పోగా నడిమధ్యన, కాండం కింద, మొక్క పసిదిగా ఉన్నప్పుడు పెట్టిన చిన్న వలబుట్ట ఒకటి దొరికింది. దాని చుట్టూ ఉన్న వేళ్లు గోధుమ రంగుకు తిరిగాయి. ఒకదాన్ని పట్టి మెల్లగా లాగితే పైతొడుగు మెత్తగా ఊడివచ్చి, లోపలి నార మాత్రం దారంలా మిగిలింది. కుండీ గోడలకు ఆనుకుని, కాస్త గాలి దొరికిన వేళ్లు మాత్రం ఇంకా గట్టిగా, వెండి రంగులోనే ఉన్నాయి. మీ పాలనలో బతికి బట్టకట్టినవారు అంచులకు పారిపోయినవారేనన్న మాట.

నాచునే దోషిగా నిలబెట్టాలని మీరు ఆశపడుతున్నట్టున్నారు. అది చెల్లదు. తైవాన్ రైతులు చిలీ నుంచీ న్యూజిలాండ్ నుంచీ తెప్పించిన ఇదే నాచులో ఆర్కిడ్లను దివ్యంగా పెంచుతున్నారు, ఎందుకంటే వాళ్ల షెడ్డుల్లో గాలి ఆడుతుంది, నీరు కిందికి దిగిపోతుంది, ఎప్పుడు తడపాలో తెలిసిన మనుషులుంటారు. ప్రయాణంలోనూ దుకాణంలోనూ నీళ్లు పోసే నాథుడు లేని రోజులు గడవడానికి ఆ నాచు పనికివస్తుంది. ప్రయాణం ముగిశాక కూడా ఆ తడి మూటను కిందినుంచి ఆరనివ్వని ఘనత మాత్రం అచ్చంగా మీదే.

మీ తరఫున వినవచ్చే మరో వాదన ఐసు ముక్కలది. వారానికి మూడు ఐసు ముక్కలు వేస్తే చాలునని కొన్ని మొక్కలతో పాటు చీటీ వస్తుంది. నిజమే, 2017లో ఓహియో స్టేట్, జార్జియా విశ్వవిద్యాలయాల పరిశోధకులు పరీక్షించి, ఆ పద్ధతి వల్ల పూలు నిలిచే కాలం తగ్గలేదని తేల్చారు. అయితే వాళ్లు ఆ మొక్కలను పెంచింది బెరడు ముక్కల్లో, దట్టించిన తడి నాచులో కాదు. ఆ తీర్పు కాపీని మీరు జేబులో పెట్టుకుని తిరగడం కుదరదు.

ఇక మార్పిడి విషయం. పూసి ఉన్న మొక్కను కుండీ మార్చకూడదని, మారిస్తే మొగ్గలు రాలుతాయని పెద్దలు చెబుతారు. ఆ మాటను నేను గౌరవిస్తాను. వేళ్లు గట్టిగా ఉన్నంతవరకు పూలు ముగిసేదాకా ఆగడమే మంచిది. మీలోంచి ప్లాస్టిక్ కుండీని పైకి తీసి, నీరు పోసినప్పుడల్లా పూర్తిగా ఓడ్చి, నాచును అక్కడక్కడ పుల్లతో వదులు చేస్తే ఆ కాలం గడిచిపోతుంది. కాని వేరు కుళ్లుతున్నప్పుడు ముహూర్తం చూడడం అవివేకం. పూల కాడను కోసి జాడీలో పెట్టుకుంటే కొన్నాళ్లు అదీ అందంగానే ఉంటుంది, ఆ భారం తగ్గిన మొక్క కొత్త వేళ్ల మీద దృష్టి పెడుతుంది. పువ్వు కోసం మొక్కను బలిపెట్టడం, మీతో పాటు దుకాణం వారికీ లాభసాటి కావచ్చు గాని, నాకు మాత్రం సమ్మతం కాదు.

కత్తెర మొనను మంట మీద కాల్చి చల్లార్చి, మెత్తబడిన వేళ్లను కోసి, గట్టివాటిని ఉంచాలి. కోసిన చోట చిటికెడు దాల్చినచెక్క పొడి చాలు, ఉత్సాహం కొద్దీ వేళ్లన్నిటి మీదా చల్లితే అవి ఎండిపోతాయి. బెరడు ముక్కలు దొరికితే సరే, దొరక్కపోతే కోనసీమ పుణ్యాన కొబ్బరి డొక్కల ముక్కలు ఉండనే ఉన్నాయి. వాటిలోని ఉప్పు పోయేదాకా నీళ్లు మార్చి మార్చి నానబెట్టి, కాసిన్ని బొగ్గు ముక్కలు కలిపితే సరిపోతుంది. కొత్త కుండీ వేళ్లకు సరిపడా ఉండాలి తప్ప రేపటి ఎదుగుదల కోసమని బిందెంతది తేకూడదు. ఆకులు మొదలయ్యే చోటును పూడ్చకూడదు, ఆకుల మధ్య గుంటలో నీరు నిలవనివ్వకూడదు. ఎరువు సంగతి క్లుప్తంగా చెబితే, డబ్బా మీద రాసిన దానిలో సగం.

మీ మీద లేని నేరం మోపడం నాకు ఇష్టం లేదు కనుక ఇంకో సంగతి కూడా ఒప్పుకుంటాను. మొగ్గలు విచ్చకుండానే రాలినప్పుడు దోషం ప్రతిసారీ మీది కాదు. వేసవిలో బల్ల మీద బంగినపల్లి పళ్లు మగ్గుతుంటే వాటినుంచి వచ్చే ఇథిలీన్ వాయువు పక్కనే ఉన్న మొగ్గలను రాల్చగలదు. ఏసీ గాలి సూటిగా తగిలినా అంతే. మా ఇళ్లలో ఈ రెంటినీ వదిలిపెట్టి దిష్టి తీయించే ఏర్పాట్లు చేస్తారు. మళ్లీ పూయకపోవడం కూడా కేవలం మీ చలవ కాదు. ఎండ 28 డిగ్రీలు దాటి నిలకడగా ఉన్నంతకాలం ఈ మొక్క కొత్త కాడ తొడగదు, కొన్ని వారాల చల్లదనం కావాలి. కార్తీక మార్గశిరాల్లో రాత్రిపూట కిటికీ తెరచి ఉంచడం మనుషులు చేయవలసిన పని. అయితే ఆ చలికాలం దాకా మొక్క బతికి ఉండాలి కదా, అక్కడే మళ్లీ మీ దగ్గరికి రావలసి వస్తోంది.

మీ వంశానికి చరిత్ర లేకపోలేదు. 19వ శతాబ్దపు తొలి దశాబ్దాల్లో ఓడలెక్కి ఇంగ్లండు చేరిన ఉష్ణమండల ఆర్కిడ్లను అక్కడి దొరలు గాలి చొరని, ఆవిరితో ఉక్కిరిబిక్కిరయ్యే గాజు ఇళ్లలో ఉంచి కుప్పలుగా చంపారు. జోసెఫ్ పాక్స్‌టన్ వంటి తోటమాలులు తలుపులు తెరచి గాలి రానిచ్చాకే అవి బతకడం మొదలైంది. ఆ గాజు ఇళ్లు ఎప్పుడో బుద్ధి తెచ్చుకున్నాయి. వాటి పని మీరు టీవీ బల్ల మీద కొనసాగిస్తున్నారు.

పై కారణాల దృష్ట్యా, తమరిని ఆర్కిడ్ సంరక్షణ బాధ్యతల నుంచి తక్షణం తప్పించి వంటింటికి బదిలీ చేయడమైనది. అక్కడ గరిటెలూ అట్లకాడా తమ ఆధీనంలో ఉంటాయి, వాటికి వేళ్లు లేవు. చుట్టాలు వచ్చిన సాయంత్రం, పూర్తిగా ఓడ్చిన మొక్కతో, డెప్యుటేషన్ మీద హాల్లోకి రావచ్చు. భోజనాలు అయిన వెంటనే మాతృశాఖకు తిరిగి వెళ్లాలి. ఈ ఉత్తర్వుపై అప్పీలు చేసుకోదలిస్తే, టైల్సుకు వాడే డ్రిల్లు బిట్టు ఉన్న పనివాణ్ణి ఆశ్రయించి, అడుగున వేలు పట్టేంత చిల్లు వేయించుకుని రండి. సర్వీసు పునరుద్ధరణకు నాకేమీ అభ్యంతరం లేదు.

ఇట్లు,
తూర్పు కిటికీ పక్కన స్థలం కేటాయించిన అధికారి

నకలు: పూల దుకాణం వారికి, తగు చర్య నిమిత్తం, టీవీ బల్లకు, నీటి మరకల విషయంలో సంజాయిషీ నిమిత్తం.