99 కౌంటీల మొహమాటం

అమెరికాలోని అయోవా రాష్ట్రంలో మనుషులు 32 లక్షలు, పందులు 2 కోట్ల పైమాటే. అయినా ఓటు హక్కు మనుషులకే ఇచ్చారు. ఆ అన్యాయం గురించి మరోసారి మాట్లాడుకుందాం.

ప్రస్తుతం పెద్దాయన చక్ గ్రాస్లీ సంగతి. 1958లో రాష్ట్ర సభకు గెలిచింది మొదలు ఆయన ఏ ఎన్నికలోనూ ఓడిపోలేదు. 2022 నవంబరులో, 89వ ఏట, ఎనిమిదోసారి సెనేటర్ అయ్యారు. ఈ పదవీకాలం ముగిసేది 2029 జనవరిలో, అంటే ఆయనకు 95 వచ్చాక. మనవడు ప్యాట్ 2020లోనే రాష్ట్ర సభ స్పీకర్ అయ్యాడు. పాపం, తాతగారి కుర్చీ ఖాళీ అయ్యేలోపు అతని జుట్టూ నెరిసేలా ఉంది.

వయసు మాట ఎత్తినవాళ్లకు జవాబు 2021 సెప్టెంబరులోనే వచ్చేసింది. తెల్లవారుజామున 4 గంటలకు పరుగెత్తుతున్నానని ట్వీట్ పెట్టారు. ఇంగ్లీషులో పరుగుకూ పోటీకీ ఒకటే మాట కాబట్టి వ్యాయామం, అభ్యర్థిత్వం ఒకే దెబ్బకు తేలిపోయాయి.

అసలు కిటుకు వేరే ఉంది. గ్రాస్లీ ఏటా రాష్ట్రంలోని 99 కౌంటీలకూ, అంటే మన జిల్లాల్లాంటి వాటన్నిటికీ, వెళ్లొస్తారు. పిలవకపోయినా ప్రతి ఏడాదీ వచ్చి పలకరించే మనిషిని కాదని ఇంకొకరికి ఓటేస్తే, వచ్చే ఏడాది ఆయన మొహం ఎలా చూస్తాం? ప్రజాస్వామ్యానికి పునాది మొహమాటమేనని నాకెప్పటినుంచో అనుమానం.

పైగా ఆయన ఏదీ దాచుకోరు. 2012లో డయర్స్‌విల్ దగ్గర కారు జింకను గుద్దితే, టైరుకు రాసుకుంటున్న ఫెండర్‌ను లాగేసి ముందుకు సాగామని, జింక పోయినట్టేనని ట్వీట్‌లో చెప్పారు. ఒక రాజకీయ నాయకుడు విషయాన్ని ఇంత సూటిగా, ఇంత తక్కువ మాటల్లో తేల్చేయడం నేను ఇంకెక్కడా చూడలేదు.

2022లో ఎదురు నిలబడిన మైక్ ఫ్రాంకెన్ నౌకాదళంలో వైస్ అడ్మిరల్‌గా రిటైరైన మనిషి. సముద్రమే లేని రాష్ట్రంలో, చుట్టూ మొక్కజొన్న చేలు పెట్టుకుని, ఆయన మాత్రం ఏం చేస్తాడు? 56, 44 శాతాలతో కథ ముగిసింది.

అయితే ఒక్క చిక్కుంది. గ్రాస్లీకి 2004లో 70 శాతం, 2010లో 64, 2016లో 60, 2022లోనేమో 56. మొహమాటం కూడా ఆరేళ్లకోసారి కాస్త కాస్త కరుగుతోంది. ఈ లెక్కన 2028లో గట్టెక్కేస్తారు గానీ, టెన్షన్ 2034లో మొదలవుతుంది. అప్పటికి ఆయనకు 101 ఏళ్లు. ప్రత్యర్థులు ఇప్పటినుంచే 4 గంటలకు లేవడం అలవాటు చేసుకుంటే మంచిది.