భద్రతా చిప్ మీద పెత్తనం యజమానికే ఉండాలి

విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 (డేటా తాళంచెవులను, అంటే రహస్య సంకేతాలను, కాపాడే భద్రతా చిప్) ఉండి తీరాలని మైక్రోసాఫ్ట్ 2021లో షరతు పెట్టినప్పుడు రభసంతా మూలపడబోయే పాత కంప్యూటర్ల చుట్టూనే సాగింది. ఆ చిప్ మీద అజమాయిషీ ఎవరిదన్న అసలు ప్రశ్నను ఎవరూ గట్టిగా అడగలేదు. కమాండ్ లైన్ (ఆదేశాలు టైప్ చేసే తెర) నుంచి దాన్ని చదవడం, నడపడం కంప్యూటర్ కొన్న ప్రతి ఒక్కరి హక్కు.

విండోస్‌లో టీపీఎం తెర తెరిస్తే, చిప్ వాడుకకు సిద్ధంగా ఉందని, ఎవరి తయారీ, ఏ వెర్షన్ అని చెప్పి ఊరుకుంటుంది. అది ఏ తాళంచెవులను కాపాడుతోందో, ఏ షరతు మీద వాటిని బయటపెడుతుందో చెప్పదు. అదే లినక్స్‌లో టీపీఎం2-టూల్స్ అనే ఉపకరణాలు వేసుకుని, చిప్‌లోని కొలతలను చదివే పీసీఆర్‌రీడ్ కమాండ్ ఇవ్వండి. 0 నుంచి 23 వరకు రిజిస్టర్లు (కొలతలు దాచే గళ్లు), వాటి పక్కన పొడవాటి హాష్ విలువలు (డేటా నుంచి లెక్కగట్టిన వేలిముద్రల్లాంటి సంఖ్యలు) బారులు తీరతాయి. 0లో ఫర్మ్‌వేర్ (కంప్యూటర్‌ను మొదట మేల్కొలిపే సాఫ్ట్‌వేర్) కొలత, 7లో సెక్యూర్ బూట్ (నమ్మదగిన సాఫ్ట్‌వేర్‌తోనే మొదలయ్యేలా చూసే రక్షణ) స్థితి. వీటిలో నచ్చిన విలువ రాయడం కుదరదు. పాత విలువకు కొత్త కొలతను చేర్చి మళ్లీ హాష్ చేయాల్సిందే. డిస్క్ తాళాన్ని 7వ రిజిస్టర్‌కు ముడివేశాక సెక్యూర్ బూట్‌ను ఆపితే విలువ మారుతుంది, చిప్ తాళంచెవి ఇవ్వనంటుంది. విండోస్‌లో డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్ అయితే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. విషయం తెలియనివారికి కంప్యూటర్ చెడిపోయినట్లే అనిపిస్తుంది. పాత విలువలను దాచుకున్నవారు కొత్తవాటితో పోల్చి, ఏ రిజిస్టర్ మారిందో వేలు పెట్టి చూపగలరు. ఫర్మ్‌వేర్ అప్‌డేట్‌కు ముందు మేనేజ్-బీడీఈ అనే విండోస్ కమాండ్‌తో బిట్‌లాకర్ రక్షణను కాసేపు నిలిపి ఉంచితే ఆ గండం కూడా తప్పుతుంది.

ఈ కమాండ్లను సామాన్యుల చేతికిస్తే కొంప మునుగుతుందని కొందరి అభ్యంతరం. చిప్‌ను ఖాళీ చేసే క్లియర్ కమాండ్ కొడితే చిప్‌తో ముడిపడిన తాళంచెవులు తిరిగి రావన్నది నిజమే. డిస్క్‌ను ఫార్మాట్ చేసినా డేటా పోతుంది, అయినా ఆ కమాండ్‌ను ఎవరూ దాచలేదు. రికవరీ కీని వేరేచోట భద్రపరచుకోమని ముందే గట్టిగా హెచ్చరిస్తే చాలు.

2017లో బయటపడిన రోకా లోపాన్ని గుర్తుచేసుకోండి. ఇన్ఫినియాన్ కంపెనీ చిప్‌లలో ఆర్‌ఎస్‌ఏ అనే పద్ధతి తాళంచెవులు బలహీనంగా తయారయ్యాయి. ఫర్మ్‌వేర్ మార్చినంత మాత్రాన సరిపోలేదు, పాత తాళంచెవులను పారేసి కొత్తవి చేయాల్సి వచ్చింది. చిప్ ఎవరి తయారీ, ఏ వెర్షన్ అన్నది గెట్‌క్యాప్ కమాండ్ క్షణంలో చెబుతుంది. ఆ సంగతి తెలియనివారు ఏం చేయాలి?

నా అసలు బాధ ఇంకా పెద్దది. 2016లో వచ్చిన విండోస్ 10 1607 వెర్షన్ నుంచి, చిప్ మీద అధికారం ఇచ్చే యజమాని పాస్‌వర్డ్‌ను విండోస్ తానే సృష్టించి, మామూలు అమరికలో ఎక్కడా దాచకుండా పారేస్తోంది. డబ్బు పెట్టి కొన్నవారి చేతికి అది రానే రాదు. మరోవైపు ఇదే చిప్, యంత్రం ఏ స్థితిలో ఉందో సంతకం చేసి అవతలి సర్వర్‌కు సాక్ష్యం చెప్పగలదు. ఈ రెండూ కలిస్తే, మన బల్లమీది యంత్రం మనకంటే ఇతరులకే ఎక్కువ జవాబుదారీ అవుతుంది. ఏ సాఫ్ట్‌వేర్ నడపాలో, ఏ ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకోవాలో రేపు ఆ సర్వర్లే శాసిస్తాయి.

కాబట్టి ఆపరేటింగ్ సిస్టమ్ తయారీదారులు రెండు పనులు చేయాలి. మొదటిసారి కంప్యూటర్ ఆన్ చేసినప్పుడే పాస్‌వర్డ్ పెట్టుకునే అవకాశం యజమానికి ఇవ్వాలి. చిప్ ఎవరికి, ఎప్పుడు, ఏ విలువల మీద సంతకం చేసి పంపిందో ఒక్క కమాండ్‌తో చూపించాలి.